దోమల లెక్క: ఒక సిద్ధాంతము పుట్టిన కథ

నేను బాల్యమున గురువుగారి పాదములయొద్ద కావ్యములును, కొంత తర్కశాస్త్రమును చదివి, పిదప ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. వైద్యుడను గాను, గణితమున పారంగతుడను గాను. అయినను నేడు మీకొక లెక్క చెప్పదలచితిని. అది దోమల లెక్క. పండితులు ఒక సిద్ధాంతమును ఎట్లు నిర్మింతురో, దానిని అంకెలలో నెట్లు కూర్తురో, కూర్చినదానిని ఎట్లు పరీక్షింతురో తెలిసికొనుటకు దానికంటె మనకు దగ్గరి యుదాహరణము లేదు.

తర్కము చదువు విద్యార్థికి మొదట నేర్పునది కొండమీది పొగ కథ. కొండమీద పొగ కనబడుచున్నది. పొగ యున్నచోట నిప్పుండును. కావున కొండమీద నిప్పున్నది. ఈ యనుమానము నిర్దుష్టమైనది. కాని ఆ నిప్పు నార్పుటకు ఎన్ని కుండల నీరు కావలెనని యడిగినచో తర్కము మౌనము వహించును. నిప్పున్నదని చెప్పుటకు హేతువు చాలును; ఎంత నీటితో ఆరునో చెప్పుటకు లెక్క కావలెను. ఈ భేదమును నేను పుస్తకములలో గాక, ఒక గ్రామములో, మిక్కిలి ఆలస్యముగా తెలిసికొంటిని. ఆ కథ ముందు విన్నవించెదను.

అది 1984వ సంవత్సరపు వర్షకాలము. మన్యమునకు చేరువనున్న యొక గ్రామమున నేను క్రొత్తగా చేరిన పంతులను. ఊరిలో చలిజ్వరములు ప్రబలినవి. పెద్దలు కూడి, ఊరిచుట్టునుగల నీటిగుంటలను పూడ్పింప నారంభించిరి. సగము పని యయినపిదప కొందరు విసిగిరి. అప్పుడొక పెద్దాయన నన్ను చూచి, “పంతులుగారూ, చదువుకొన్నవారు, తమరేమందురు?” అని యడిగెను. నేను తర్కము చదివినవాడను గదా! “ఊరిగుంటలు పూడ్చితిరి సరే, వాగు గట్టునున్న వాటి నెవరు పూడ్చగలరు? ఒక్క గుంట మిగిలినను దోమ పుట్టును. దోమ యున్నంతకాలము జ్వరముండును. కావున నీ శ్రమ వ్యర్థము” అంటిని. ఆ మాట అందరికిని సబబుగా తోచినది. పలుగులు, పారలు ఇండ్లకు చేరినవి. ఆశ్వయుజమాసమున మా బడిలో మూడవ తరగతి చదువుచున్న యొక బాలుడు ఆ జ్వరముతోనే పోయెను. గుంటలన్నియు పూడ్చియుండినచో ఆ బిడ్డ బ్రదికెడివాడని నేను చెప్పజాలను. ఒక్క ప్రాణమును గూర్చి అట్టి మాట చెప్పగల లెక్క లేదు. కాని నేను చేసిన వాదము తప్పని మాత్రము పెక్కేండ్ల తరువాత చదివి తెలిసికొంటిని. ఆ తప్పును నాకు చూపినది రోనాల్డ్ రాస్ అను నొక దొర వేసిన లెక్క. ఇక ఆ చరిత్రమునకు వత్తము.

మలేరియా యను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి యని యర్థము. బురదనేలలనుండి లేచు విషపుగాలియే యీ జ్వరమునకు కారణమని పూర్వులు నమ్మిరి. బురద యున్నచోట జ్వరముండుట వారు చూచినదే. చూపు సత్యము, కారణము మాత్రము పొరపాటు. 1880లో ఆల్జీరియా దేశమున లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందొక జీవిని కనుగొనెను. గాలి గాదు, క్రిమి యని తేలినది. అయితే ఆ క్రిమి యొకని రక్తమునుండి మరియొకని రక్తమునకు ఎట్లు పోవుచున్నది?

ఇంగ్లండులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు దీనికొక ఊహ చేసెను. ఆయన పూర్వము చీనా దేశమున నున్నప్పుడు, మనము బోదకాలని పిలుచు రోగమును కలిగించు సన్నని పురుగు దోమ శరీరములో పెరుగుటను చూచియుండెను. కావున మలేరియా క్రిమియు దోమలోనే పెరుగుచుండవలెనని తలచెను. అంతవరకు ఊహ సరియైనది. కాని రక్తము త్రాగిన దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు కూడ ఆయన తలచెను. అది తప్పు. సిద్ధాంతములు తరచుగా ఇట్లే పుట్టును. సగము బంగారము, సగము మట్టి. రెంటిని వేరుచేయునది పరీక్షయే.

ఆ పరీక్షకు పూనుకొన్నవాడు రాస్. ఆయన 1857లో హిమాలయ ప్రాంతమునందలి అల్మోరాలో పుట్టి, 1881లో భారత వైద్యశాఖలో చేరెను. 1894లో మాన్సన్‌ను కలిసికొని, మరుసటి యేట మన దేశమునకు మరలివచ్చి సికింద్రాబాదు దండులో సైన్యవైద్యుడుగా నుండెను. దోమలు చచ్చిన నీటిని కొందరిచే త్రాగించి చూచెను. ఫలితము నిలకడగా లేదు. దోమలను కోసి కోసి చూచెను, క్రిమి కనబడలేదు. ఆయన అంతవరకు కోసినవి ఎక్కువగా ఆ క్రిమికి ఆశ్రయమీయని జాతుల దోమలే. తుదకు రెక్కలమీద మచ్చలుగల వేరొక జాతి దోమలు ఆయనకు చిక్కినవి. హుసేన్ ఖాన్ అను రోగిని వానిచే కుట్టించి, కుట్టిన యొక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున ఆ రోగికి చెల్లించెను. 1897 ఆగస్టు 20వ తేదీన అట్టి దోమనొకదానిని కోసి చూడగా, దాని కడుపుగోడలో నల్లని చుక్కలుగల గుండ్రని కణములు కనబడినవి. అవి దోమవి గావు; పెరుగుచున్న మలేరియా క్రిములు. ఆ కారణముచేతనే ఆగస్టు 20ని ప్రపంచమంతట దోమల దినముగా పాటింతురు. నాడు ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని కలదు.

మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులలో చేరి, కాటుతో మరల రక్తమున ప్రవేశించుటను రాస్ నిరూపించెను. అదే యేట గ్రస్సీ మొదలగు ఇటలీ పండితులు మనుష్యుల మలేరియా విషయమున అనాఫిలిస్ జాతి దోమలో క్రిమి పెరుగుటను చూపిరి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. చాలమంది కథను ఇచ్చటితో ముగింతురు. నాకు మాత్రము అసలు కథ ఇచ్చటనే మొదలగుచున్నది. పొగనుబట్టి నిప్పును కనుగొనుట యయినది. ఎన్ని కుండలను ప్రశ్న మిగిలినది.

దోమలను తగ్గించినచో జ్వరము తగ్గునని రాస్ చెప్పగా, అనుభవజ్ఞులైన వైద్యులే ఆక్షేపించిరి. లోకములోని దోమల నన్నిటిని ఎవడు చంపగలడు, ఒకచోట చంపినచో ప్రక్కనుండి వచ్చి చేరవా, కొన్ని మిగిలినను జ్వరము మిగులదా, అని వారి వాదము. అయ్యలారా, నేను 1984లో పలికిన మాటయే గదా యిది! లాహోరు చెంత మియాన్ మీర్ దండులో 20వ శతాబ్ది తొలి యేండ్లలో దోమలను తగ్గింప ప్రయత్నించి, చెప్పుకొనదగిన ఫలము కానరాక, ఇది సాధ్యము గాదని కొందరు అధికారులు తేల్చిరి. స్థలము చిన్నది, పని చాలలేదు, దోమలు వెలుపలినుండి చేరినవి అని రాస్ వాదించెను. ఎంత పని చేసిన చాలును, ఎంత చేసిన చాలదు అని నిర్ణయించు కొలబద్ద యిరువురివద్దను లేదు. ఆ కొలబద్దకొరకే రాస్ గణితమును ఆశ్రయించెను. 1908లో మారిషస్ ద్వీపమునుగూర్చి వ్రాసిన నివేదికలోను, పిదప 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథములోను ఆ లెక్కను విస్తరించెను.

ఆ లెక్కను మన పద్ధతిలో చేసి చూతము. దయయుంచి వ్రేళ్లు మడచుచు నా వెంట రండు. గ్రామము నా కల్పితము. భిన్నములు రాస్ ఎన్నుకొన్నవి.

1,000 మంది జనముగల గ్రామము. అందు 100 మందికి మలేరియా కలదు. రోగులందరి రక్తమును దోమకు క్రిమిని అంటింపజాలదు. నాల్గవవంతు మాత్రమే యట్టివారనుకొందము. అనగా 25 మంది. నెల దినములలో తలకు 96 దోమల చొప్పున ఉన్నవనుకొందము. 25 మందికి 2,400 దోమలు. అన్ని దోమలకు మనిషి చిక్కడు. నాల్గవవంతు కుట్టగలిగిన 600. కుట్టిన దోమలో క్రిమి ముదురుటకు కొన్ని దినములు పట్టును. అంతవరకు బ్రదుకునవి మూడవవంతు, అనగా 200. వానిలో మరల మనిషిని కుట్టగలుగునవి నాల్గవవంతు, 50. ఈ 50 కాట్లలో కొన్ని అదివరకే రోగులైనవారిమీద పడి వృథా యగును. ఊరిలో పదవవంతు రోగులు గావున అట్టివి 5. క్రొత్తరోగులు 45 మంది. ఆ నెలలో పాతరోగులలో ఐదవవంతు, అనగా 20 మంది, కోలుకొందురు. వచ్చినది 45, పోయినది 20. జ్వరము పెరుగుచున్నది.

ఇట్లు పెరుగుచు పోగా ఊరంతయు రోగులగుదురా? కారు. రోగులు పెరిగినకొలది వృథాకాట్లును పెరుగును. 600 మంది రోగులైనప్పుడు, ఇదే లెక్కచొప్పున కాట్లు 300, అందు నూటికి 60 వృథా, క్రొత్తరోగులు 120. కోలుకొనువారును 600లో ఐదవవంతు, 120. రాకయు పోకయు సమానమై, జ్వరము 600 వద్ద నిలిచిపోవును. ఏటేట అంతే మందిని పట్టి పీడించు ఊళ్ల రహస్యమిది.

ఇప్పుడు దోమలను సగము మాత్రము తగ్గింతము; తలకు 48. రోగులును సగమై 300 అగుదురని తోచును గదా? కాదు. 200 మంది వద్దనే రాకపోకలు సరిపోవును. అంటింపగలవారు 50 మంది, వారికి 2,400 దోమలు, కుట్టినవి 600, బ్రదికినవి 200, మరల కుట్టినవి 50, వృథా 10. క్రొత్తవారు 40, కోలుకొన్నవారు 40. దోమలు సగమైనచో రోగులు మూడవవంతైరి! మరియొక మారు సగము చేసి 24కు దింపినచో, 100 మంది రోగులున్న యూరిలో క్రొత్తగా వచ్చువారు 11 మంది, కోలుకొనువారు 20 మంది. జ్వరము నెలనెలకు తరిగి, తుదకు దానంతటదియే అంతరించును. తలకు సుమారు 38 దోమలవద్ద ఒక గీత యున్నది. ఆ గీతకు పైన జ్వరము నిలుచును, క్రింద నిలువజాలదు. దోమలన్నియు చావనక్కరలేదు, గీత దిగిన చాలును.

ఇందు కూడికలు, గుణకారములు తప్ప వేరేమియు లేవు. అయినను రాస్‌కు ముందు ఎవరును ఈ రోగ విషయమున దీనిని ఇట్లు కూర్చి చెప్పలేదు. దీనినే పండితులు గణిత నమూనా యందురు. దేవాలయము కట్టు స్థపతి మొదట చిన్న నమూనా చేసికొని చూచుకొనునట్లు, ఊరి జ్వరమునకొక చిన్న రూపమును అంకెలలో నిర్మించి, అందొక్కొక్క భాగమును మార్చి చూచుటయే నమూనా పని. రాస్ దీనిని మరింత సూక్ష్మమైన సమీకరణములుగా మార్చెను. 1917లో హిల్డా హడ్సన్ అను గణిత విదుషీమణి ఆయనతో కలిసి ఈ సిద్ధాంతమును వ్యాధులకన్నిటికిని విస్తరింపజేసెను. సాధారణముగా దోమ పుట్టినచోటికి ఎంత దూరములో తిరుగుననుటకును రాస్ 1904లోనే లెక్క వేసి, ఎక్కువభాగము చేరువనే యుండునని వాదించియుండెను.

సిద్ధాంతమునకు వారసులు కలరు. రాస్‌తో 1901లో ఆఫ్రికాకు పోయిన మెక్‌కెండ్రిక్ అను భారత వైద్యశాఖ యుద్యోగి, తరువాత ఎడింబరోలో కెర్‌మాక్ అను పండితునితో కలిసెను. కెర్‌మాక్ 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదమున రెండు కన్నులును పోగొట్టుకొన్నవాడు. అయినను లెక్కలను మనస్సుననే నడిపెను. వారిరువురు 1927లో ప్రకటించిన వ్యాసమున, అంటువ్యాధి ఊరిలోని జనమంతయు అయిపోకముందే ఏల చల్లారునో నిరూపించి, 1905–06లో బొంబాయిలో చెలరేగిన ప్లేగు మరణముల లెక్కతో సరిచూచిరి. 2020లో కరోనా వచ్చినప్పుడు, ఒక్కొక్క రోగి సగటున ఎందరికి అంటించుచున్నాడని మనము దినదినము వినిన మాట యీ వంశములోనిదే.

మలేరియా లెక్కను ముందునకు నడిపినవాడు జార్జి మెక్‌డొనాల్డ్. ఆయన 1950వ దశకమున రాస్ నమూనాలోని ఒక్కొక్క భిన్నమును తడవి చూచి, అన్నిటికంటె బలమైనది దోమ ఆయుర్దాయమని చూపెను. క్రిమి దోమలో ముదురుటకు 10 దినములనుకొందము. దినమునకు 100కి 90 దోమలు బ్రదుకుచున్నచో, 10వ దినమునకు మిగులునవి సుమారు 35. 100కి 80 మాత్రమే బ్రదికినచో మిగులునవి సుమారు 11. దినమున కలిగిన చిన్న భేదము పది దినములకు మూడురెట్లయినది. కావున దోమ పుట్టకుండ ఆపలేకపోయినను, ముసలిది కాకుండ ఆపిన చాలును. రక్తము త్రాగిన దోమ గోడమీద వ్రాలును. ఆ గోడకు డి.డి.టి. మందు కొట్టినచో అది చచ్చును. మన యిండ్లలోపలి గోడలకు మందు కొట్టుటలోని రహస్యమిదియే.

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చుచుండెననియు, సుమారు 8 లక్షల మంది దానితో మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకమును, 1958లో నిర్మూలన పథకమును ప్రారంభించిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు 1 లక్షకు దిగినది. లెక్క నిజమైనదని జనులు సంతోషించిరి. కాని 1976లో అది మరల 64 లక్షలకు ఎగసినది! లెక్క తప్పినదా?

గుణకారము తప్పలేదు. అందు వేసిన అంకెలు మారినవి. దోమలు మందునకు అలవాటుపడినవి. క్రిములలో కొన్ని క్లోరోక్విన్ మాత్రను ధిక్కరించినవి. పని చేయువారు అలసిరి. దినమునకు ఇన్ని దోమలు చచ్చునని కాగితముమీద వ్రాసికొన్న అంకె, గోడమీద నిజము కాకపోయెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1955లో ప్రారంభించిన లోకవ్యాప్త నిర్మూలన యత్నమును 1969లో మానుకొనవలసివచ్చెను. పంచాంగకర్త పాత గణితమునే పట్టుకొని ఆకసమువైపు చూడకున్నచో, గ్రహణము చెప్పిన వేళకు రాదు. ఇదియు నట్లే.

ఇందుచేత నాకు తెలిసినది రెండు మాటలలో చెప్పెదను. మొదటిది: మంచి సిద్ధాంతము తాను దేనిమీద నిలిచియున్నదో దాపరికము లేక చెప్పును. నాల్గవవంతు, మూడవవంతు అని రాస్ వ్రాసిపెట్టెను గనుకనే, తరువాతివారు ఏది సరియో ఏది కాదో వెదకి దిద్దగలిగిరి. నేను 1984లో చేసిన వాదములో అట్టి యంకె యొక్కటియు లేదు. కావున దానిని దిద్దుటకు ఎవరికిని సందు దొరకలేదు. గుంభనముగా పలికినది తప్పయినను పట్టుబడదు. రెండవది: అన్నియు కావలెను, లేకున్న ఏమియు వలదు అను మాట తర్కమువలె కనబడు సోమరితనము. కొంత చేసిన కొంత ఫలము, ఒక గీత దాటినపిదప గొప్ప ఫలము నుండునని లెక్క చెప్పుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట నేను ఆ గ్రామమునకు మరల పోయితిని. నన్ను నాడు ప్రశ్నించిన పెద్దాయన లేడు. ఆయన కుమారునితో, “నాయనా, నాడు నేను మీ తండ్రిగారికి తప్పు చెప్పితిని. గుంటలు సగము పూడ్చియుండిరి, తక్కినవి కూడ పూడ్చుడని చెప్పవలసినవాడను” అంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, “ఆ తరువాత మా అయ్య ఏటేట మా యింటి వెనుక గుంటను ఒక్కడే పూడ్చుచునే యుండెడివాడు, పంతులుగారూ” అనెను. లెక్క తెలియని ఆ వృద్ధుడు, లెక్క తెలిసినదనుకొన్న నాకంటె గీతకు చేరువగా నడచినవాడు.

మన దేశము 2030వ సంవత్సరమునాటికి మలేరియాను తొలగించుకొనవలెనని సంకల్పించియున్నది. అది ఢిల్లీలో మాత్రమే తేలు లెక్క గాదు. మీ వీధి కాలువ, మీ పెరటి తొట్టి, మీ యింటి దోమతెర, జ్వరము వచ్చిననాడే రక్తపరీక్ష, ఇవన్నియు అందలి భిన్నములే. ఒక్కొక్కటి కొద్దికొద్దిగా తగ్గినచో మొత్తము గీతకు దిగువకు జారును. రేపు మీ గ్రామమున ఎవరైనను లేచి, అన్నిటిని ఎవరు పూడ్చగలరని యడిగినచో, అన్నియు నక్కరలేదు, చాలినన్ని చాలునని చెప్పుడు. ఎన్ని యని యడిగినచో కూర్చుండి లెక్క వేయుడు. సెలవు.